పాత ఇంటితో పాటు వచ్చిన స్విమ్మింగ్ పూల్ కారుతోంది. నేనే విప్పి చూసుకోవాలా, కాంట్రాక్టర్‌కి అప్పగించాలా?

పెన్నా నుంచి పనైయూర్
సెప్టెంబర్ 20, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు. పద్దెనిమిదేళ్లుగా చెన్నైలో ఉద్యోగం, ఇన్నాళ్లూ అద్దె ఇళ్లే. ఈ మే నెలలో పనైయూర్‌లో పద్నాలుగేళ్ల పాత ఇల్లు ఒకటి కొన్నాం. వెనక పూల్ ఉంది. దాని కోసం కొనలేదు, ఇంటితో పాటు వచ్చింది. గృహప్రవేశం రోజు మా మామగారు దాన్ని చూసి "ఇది పూడ్చేసి కొబ్బరి మొక్కలు పెట్టు అబ్బాయ్, కాయలన్నా వస్తాయి" అన్నారు. మా పిల్లలిద్దరూ రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

పొడవు 8 మీటర్లు, వెడల్పు 4. లోతు ఒక పక్క 3 అడుగులు, ఇంకో పక్క 5. లెక్క వేస్తే 39 వేల లీటర్లు పడతాయి. నీలం టైల్స్, పక్కన పైనీళ్లు లాక్కునే స్కిమ్మర్, వెనక షెడ్‌లో ఇసుక ఫిల్టర్, మోటార్. మోటార్ రోజుకి ఆరు గంటలు వేస్తాం.

సమస్య ఏమిటంటే రోజుకి దాదాపు అంగుళం నీళ్లు తగ్గుతున్నాయి. అంగుళమే కదా అనుకున్నాను మొదట్లో. 32 చదరపు మీటర్ల మీద అంగుళం అంటే 800 లీటర్లు! పదిహేను రోజులకో 12 వేల లీటర్ల లారీ పోయించుకుంటున్నాను. మా బోరు నీళ్లు ఉప్పు, అవి పోయలేం. పెరట్లో మిగతా చెట్లు ఎండకి వాడిపోయాయి, షెడ్ వెనక అరటి ఒక్కటే బ్రహ్మాండంగా గెల వేసింది. నేను మాత్రం లారీవాడికి నెలజీతం ఇచ్చినట్టు ఇస్తున్నాను.

ఒక కాంట్రాక్టర్‌ని పిలిచాను. నీళ్ల పైన ఉన్న రెండు వరసల టైల్స్ మీద రూపాయి బిళ్లతో కొట్టి చూశాడు. "టైల్స్ సందుల్లో పెట్టిన గ్రౌట్ అంతా పోయింది సార్. మొత్తం ఖాళీ చేసి, టైల్స్ పీకి, వాటర్‌ప్రూఫింగ్ కొట్టి, కొత్త టైల్స్ వెయ్యాలి" అన్నాడు. 3 లక్షల 40 వేలు. ఆయుధపూజ అయ్యాక మొదలుపెడితే ఇరవై రోజుల పని. ఇంకొకాయన లీకు ఎక్కడుందో కనిపెట్టడానికే 18 వేలు అడిగాడు, బాగుచెయ్యడం వేరేనట.

నాకు పనిముట్లు పట్టుకోవడం అలవాటే. ఇంట్లో ఫ్యాను, మిక్సీ, ఆర్‌ఓ ఫిల్టర్ అన్నీ నేనే విప్పుతాను. (ఆర్‌ఓ విప్పిన తరవాత నాలుగు రోజులు క్యాన్ నీళ్లు తాగామని మా ఆవిడ ఇక్కడ రాయమంటోంది. రాశాను.) పూజ సెలవుల్లో అద్దె మోటార్ పెట్టి పూల్ ఖాళీ చేసి, గ్రౌట్ నేనే పెట్టుకుందామని ఆలోచన. వీడియోలు చూస్తే కష్టం అనిపించలేదు. కొత్తగా ఇల్లు కొన్నవాడిని, చేతిలో డబ్బు లేదు. ఎవరైనా చేసినవాళ్లుంటే చెప్పండి.

ఇంకో చిన్న సంగతి. రాత్రిపూట లోపలి లైట్ వేసినప్పుడు స్టీల్ నిచ్చెన పట్టుకుంటే చురుక్కుమంటోందని పిల్లలు అంటున్నారు. లైట్ పాతది. ఖాళీ చేసినప్పుడు అది కూడా నేనే మార్చేస్తే సరిపోతుందా?

—

పాత మోటారు మనిషి, బెంగళూరు
సెప్టెంబర్ 20, రాత్రి 11:05

లీకు సంగతి తరవాత. మీరు "చిన్న సంగతి" అన్నారే, నేను అక్కడే ఆగిపోయాను. ఇది చదవగానే లేచి వెళ్లి బోర్డులో ఆ లైట్ ఎంసీబీ (ట్రిప్ స్విచ్) దించండి. మోటార్‌ది కూడా దించండి. రెండూ సరిచూసే దాకా ఆ నీళ్లలో ఎవరూ దిగకూడదు, నిచ్చెన ముట్టుకోకూడదు.

గట్టు మీద నిలబడి పట్టుకుంటే చురుక్కుమనే కరెంటే, ఒళ్లంతా తడిసి నీళ్లలో ఉన్నప్పుడు కండరాలు బిగుసుకుపోయేలా చేస్తుంది. బిగుసుకుపోయిన పిల్లవాడు కేక కూడా వెయ్యలేడు. చూసేవాళ్లకి మునిగి ఆడుకుంటున్నట్టే కనిపిస్తుంది.

పూల్ లైట్లకి ఇప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి 12 వోల్టులే ఇస్తారు. పాతవాటిలో నేరుగా 230 వోల్టులు ఇచ్చినవీ ఉన్నాయి. మీది ఏదో ముందు తెలియాలి. అసలు 12 వోల్టులకి అలా చురుక్కుమనకూడదు. అంటే మీది 230 అయినా అయ్యుండాలి, ట్రాన్స్‌ఫార్మర్ అయినా చెడిపోయి ఉండాలి, లేదా ఇంకెక్కడి నుంచో కరెంటు నిచ్చెనలోకి వస్తూ ఉండాలి. మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే తనంతట తానే లైను తెంపే స్విచ్, ఉందో లేదో చూడండి. ఉంటే దాని మీద టెస్ట్ బటన్ నొక్కండి. టక్కుమని పడిపోవాలి. పడకపోతే అది అలంకారానికి ఉన్నట్టే లెక్క.

ఇంకొకటి, మీది సముద్రపు ఇసుక నేల. ఎండాకాలం ఇసుక ఎండిపోతే ఎర్త్ సరిగ్గా అందదు. ఉప్పుగాలికి ఎర్త్ రాడ్ క్లాంపు తుప్పు పట్టి ఊడిపోయి ఉన్నా ఆశ్చర్యం లేదు. లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. నేను 31 ఏళ్లు మోటార్లు చుట్టిన మనిషిని, నీళ్లూ కరెంటూ కలిసే చోట నేను కూడా ఇంకొకడిని పిలిచి చూపించుకుంటాను.

—

పలాస పూల్ పనివాడు
సెప్టెంబర్ 21, ఉదయం 6:20

పెద్దాయన చెప్పింది ముందు చెయ్యండి సార్. ఆ తరవాత నాది వినండి. నేను ఈ పనిలోనే ఉన్నాను, నీలాంకరై నుంచి కోవళం దాకా పదకొండేళ్లుగా తిరుగుతున్నాను. నా మాట మా వాళ్లకి గిరాకీ పోగొట్టేదే. అయినా చెప్తాను: ఇప్పుడు పూల్ ఖాళీ చెయ్యొద్దు. మీరూ చెయ్యొద్దు, ఆ కాంట్రాక్టర్‌తోనూ చేయించొద్దు.

మీ ఇంటికి ఒక పక్క సముద్రం, ఇంకో పక్క బకింగ్‌హామ్ కాలువ. అక్టోబర్ సగం అయ్యాక మనకి అసలు వానలు మొదలవుతాయి, డిసెంబర్ దాకా ఉంటాయి. ఆ రోజుల్లో ఆ వైపు రెండు మూడడుగులు తవ్వితే నీళ్లు తగలడం నేను చాలా చోట్ల చూశాను. నిండుగా ఉన్న పూల్‌లో 39 టన్నుల నీళ్ల బరువు ఉంటుంది. అది తీసేస్తే మిగిలేది భూమిలో పెట్టిన పడవ. కింద ఊరిన నీళ్లు దాన్ని పైకి తోస్తాయి. 2015 డిసెంబర్ వానలప్పుడు ఒక ఇంట్లో టైల్స్ పనికని ఖాళీ చేసిన పూల్ ఒక మూల జానెడు లేచిపోయింది. గట్టు పగిలింది, కింద పైపులన్నీ తెగాయి. లేచినదాన్ని మళ్లీ కిందకి దించే ఉపాయం ఎవరి దగ్గరా లేదు. కొన్ని పూల్స్‌కి అడుగున మెయిన్ డ్రెయిన్ దగ్గర ఒత్తిడి వదిలే వాల్వ్ పెడతారు. పద్నాలుగేళ్ల పూల్‌లో అది ఉన్నా పనిచేస్తుందని నేను నమ్మను. ఖాళీ చెయ్యాల్సి వస్తే మార్చి, ఏప్రిల్‌లో చెయ్యాలి.

రూపాయి బిళ్లతో కొడితే టైల్ వెనక బోలుగా ఉందో లేదో తెలుస్తుంది, లీకు తెలియదు. అసలు నీళ్లని ఆపేది టైల్సూ గ్రౌటూ కాదు సార్, వాటి వెనక ఉన్న వాటర్‌ప్రూఫింగ్, కాంక్రీటు. గ్రౌట్ రాలిపోయి కూడా చుక్క కారని పూల్స్ నా చేతిలోనే అరడజను ఉన్నాయి.

లీకు ఉందో లేదో, ఏ వైపు ఉందో కనిపెట్టడం మాత్రం మీరే చేసుకోవచ్చు. దానికి 18 వేలు అక్కర్లేదు. ఒక బకెట్ తీసుకోండి. అడుగున రాయి వేసి, పూల్ నీళ్లతోనే నింపి, పూల్ మెట్టు మీద పెట్టండి, లోపలి నీళ్లూ బయటి నీళ్లూ ఒకే ఎత్తులో ఉండేట్టు. బకెట్ లోపలా బయటా గీతలు పెట్టి 24 గంటలు ఆగండి. ఎండకి రెండూ ఆవిరవుతాయి. బకెట్లో తగ్గినదానికంటే పూల్‌లో ఎంత ఎక్కువ తగ్గిందో అంతే మీ లీకు. ఇది రెండు రోజులు చెయ్యాలి. ఒక రోజు మోటార్ అస్సలు వెయ్యకుండా, ఇంకో రోజు మామూలుగా ఆరు గంటలు వేసి. ఎటూ ఇప్పుడు మోటార్ దించేస్తారు కాబట్టి మొదటిది ఈరోజే మొదలుపెట్టండి. వాన పడని రోజు చూసుకోండి. లెక్కలు ఇక్కడ పెట్టండి, చెప్తాను.

—

వైట్‌ఫీల్డ్ బావ
సెప్టెంబర్ 21, ఉదయం 9:15

నేను వేరే మాట చెప్తాను, తిట్టకండి. మాది అనంతపురం, ఇక్కడ లేఅవుట్‌లో చిన్న పూల్. మొదటి ఏడాది అన్నీ నేనే చేశాను. శనివారం బ్యాక్‌వాష్ (నీళ్లు వెనక్కి తోసి ఫిల్టర్ కడగడం), ఆదివారం నాచు రుద్దడం, ఇంకెక్కడికీ పోవడానికి లేదు. ఇప్పుడు నెలకింతని ఒకతనికి ఇచ్చేశాను, హాయిగా ఉంది. పది వేలు మిగిల్చుకోవడానికి సెలవులన్నీ గుంటలో పొయ్యడం నాకైతే నచ్చలేదు.

లీకు మాత్రం తొందరగా చూసుకోండి. 2024 మార్చిలో ఇక్కడ నీళ్ల కరువు వచ్చినప్పుడు తాగే నీళ్లు స్విమ్మింగ్ పూల్స్‌లో వాడొద్దని బెంగళూరు జలమండలి (బీడబ్ల్యూఎస్ఎస్‌బీ) ఆర్డర్ వేసింది, తప్పితే 5,000 జరిమానా. ఆ రెండు నెలలూ మా పూల్ అరడుగు తగ్గిపోయి నాచుతో పచ్చగా ఉంది. కారే పూల్ ఉన్నవాడికి అలాంటి ఏడాదిలో దిక్కు లేదు.

—

నీలాంకరై అత్త
సెప్టెంబర్ 21, మధ్యాహ్నం 2:30

బాబూ, నేను ఆరేళ్లుగా మా పూల్ నేనే చూసుకుంటున్నాను. మా ఆయన దూరంగా కుర్చీలో కూర్చుని సలహాలు ఇస్తారు. నువ్వు చేసుకోగలవు, భయపడకు. అయితే నేను చేసిన తప్పులు చెప్తాను, అవి చెయ్యకు.

ఒకసారి పూల్‌లో వేసే టీసీసీఏ క్లోరిన్ పౌడర్ తీసిన మగ్గుతోనే బ్లీచింగ్ పౌడర్ డబ్బాలో తీశాను. రెండూ క్లోరినే కదా అనుకున్నాను. డబ్బాలో బుసబుసమని పొగ లేచింది. మా పనమ్మాయిని లాక్కుని బయటకి పరిగెత్తాను. ఆ రెండూ కలిస్తే మంట కూడా అంటుకోవచ్చని, పేలవచ్చని తరవాత తెలిసింది. ఇప్పుడు దేని మగ్గు దానిదే, దేని అలమార దానిదే. యాసిడ్ ఇంకో చోట. యాసిడ్, క్లోరిన్ కలిస్తే వచ్చే గ్యాస్ ఊపిరితిత్తుల్ని తినేస్తుంది. యాసిడ్‌ని ఎప్పుడూ బకెట్ నీళ్లలోకి వంచాలి, యాసిడ్ మీద నీళ్లు పొయ్యకూడదు. ఎవరో యాసిడ్‌తో కడిగితే టైల్స్ మెరుస్తాయన్నారని కడిగాను. మెరిశాయి, ఉన్న గ్రౌట్ కాస్తా పోయింది.

మంచి పని ఒకటి చేశాను, అదీ చెప్తాను. మా పూల్‌లో నీళ్లు సరిగ్గా స్కిమ్మర్ నోటి అంచు దాకా తగ్గి ఆగిపోయేవి. అంటే లీకు ఆ ఎత్తులోనే ఉందని. మోటార్ ఆపేసి, నీళ్లు కదలకుండా అయ్యాక, ఇంజక్షన్ సిరంజీలో కేసరి రంగు కలిపి స్కిమ్మర్ అంచున మెల్లగా వదిలాను. రంగు తీగలాగా సాగి ఒక సందులోకి దూరిపోయింది. స్కిమ్మర్ ప్లాస్టిక్‌కీ కాంక్రీటుకీ మధ్య వెంట్రుక మందం చీలిక. నీళ్ల లోపలే గట్టిపడే ఎపాక్సీ పుట్టీ ఉంటుంది, రెండు ముద్దలు కలిపి పిసికి అద్దాను. నాలుగేళ్లయింది, కదల్లేదు. మీ నీళ్లు ఎక్కడైనా ఆగుతున్నాయా, తగ్గుతూనే ఉన్నాయా?

—

పెన్నా నుంచి పనైయూర్
సెప్టెంబర్ 25, రాత్రి 9:50

ముందుగా ఆ బెంగళూరు పెద్దాయనకి చేతులెత్తి దణ్ణం పెడుతున్నాను.

ఎలక్ట్రీషియన్ వచ్చాడు. లైట్ 230 వోల్టులదే. లోపలికి నీళ్లు చేరాయి. గట్టు కింద ఉన్న చిన్న బాక్సులో వైరు జాయింటు ఉంది, దానికి మామూలు నల్ల టేపు చుట్టి వదిలేశారు, ఆ బాక్సు నిండా నీళ్లు. నిచ్చెనకి ఎర్త్ లేదు. అన్నిటికంటే ఘోరం, బోర్డులో ఆర్‌సీసీబీ ఉంది కానీ పూల్ లైన్‌ని దాని పక్క నుంచి నేరుగా కలిపేశారు. మాటిమాటికీ పడిపోతోందని పాతకాలంలో ఎవరో చేసిన పనట. అది మాటిమాటికీ ఎందుకు పడిపోతోందని ఒక్కరూ అడగలేదు. ఈ వేసవి సెలవులంతా మా పిల్లలు అందులోనే ఈదారు. ఆ రాత్రి నేనూ మా ఆవిడా పెద్దగా మాట్లాడుకోలేదు.

లైట్ లైన్ పూర్తిగా తెంపించేశాను. మోటార్‌కి కొత్త ఆర్‌సీసీబీ, కొత్త ఎర్త్, నిచ్చెనకీ ఎర్త్. మోటార్ ఇన్సులేషన్ పరీక్ష చేసి బాగుందన్నాడు. ఇవన్నీ అయ్యాకే రెండో రోజు పరీక్ష చేశాను.

అత్తా, ఎక్కడా ఆగడం లేదు, తగ్గుతూనే ఉన్నాయి. లెక్కలు ఇవి. మోటార్ వెయ్యని రోజు బకెట్లో 5 మిల్లీమీటర్లు, పూల్‌లో 6. మోటార్ ఆరు గంటలు వేసిన రోజు బకెట్లో 5, పూల్‌లో 24.

—

పలాస పూల్ పనివాడు
సెప్టెంబర్ 25, రాత్రి 10:15

సార్, మీ పూల్ గిన్నె గట్టిగా ఉంది. కాంక్రీటు కారితే మోటార్ వేసినా వెయ్యకపోయినా కారాలి. మీకు మోటార్ తిరిగినప్పుడే పోతోంది. అంటే మోటార్ తోసే నీళ్లలో కొంత దారి తప్పుతోంది. 3 లక్షల 40 వేలు పెట్టి టైల్స్ మార్చినా ఆ లారీ మీ ఇంటికి వస్తూనే ఉండేది.

మోటార్ తరవాత భూమిలో పైపు పగిలి ఉండొచ్చు. అదైతే మాలాంటి వాళ్లు ప్రెషర్ టెస్ట్ చేసి, గట్టు తవ్వాలి, మీ వల్ల కాదు. దానికి ముందు ఒక్కటి చూడండి. మీరు అరటి గురించి రాశారు, నేను అప్పుడే అడగాల్సింది. ఫిల్టర్ మీద గుండ్రటి తల, దానికి తిప్పే పిడి ఉంటుంది, నీళ్లు పూల్‌కి పోవాలో బయటకి పోవాలో మార్చే మల్టీపోర్ట్ వాల్వ్. దాంట్లోంచి బ్యాక్‌వాష్ నీళ్లు బయటకి పోయే పైపు ఎక్కడ తేలుతుంది?

—

పెన్నా నుంచి పనైయూర్
సెప్టెంబర్ 28, సాయంత్రం 6:30

ఎక్కడ తేలుతుందా? అరటి మొదట్లో!

మొన్న పొద్దున మోటార్ వేసి, పిడి "ఫిల్టర్" దగ్గరే ఉంచి, వెనక్కి వెళ్లి చూశాను. ఆకుల కింద పైపు నోట్లోంచి చిటికెన వేలంత ధార, ఆగకుండా. కింద బకెట్ పెట్టి సెల్‌ఫోన్‌లో టైమ్ చూశాను, నిమిషానికి లీటరున్నర పైనే. ఆరు గంటలకి ఆరు వందల లీటర్లు. మన లెక్క అక్షరాలా సరిపోయింది. వాల్వ్ పక్కన నీళ్లు కనిపించే గాజు బుడ్డి ఉంది, అది పసుపుపచ్చగా మాసిపోయి లోపల ఏం జరుగుతోందో కనపడలేదు.

పలాస తమ్ముడు ఫోన్‌లో చెప్తూ ఉంటే వాల్వ్ నేనే విప్పాను. మోటార్ ఆపి, ఎంసీబీ దించి, రెండు వైపులా వాల్వులు మూసి, ఫిల్టర్‌లో ఒత్తిడి వదిలేశాను. మూత ఎటు కూర్చుందో స్కెచ్ పెన్‌తో గీత పెట్టుకున్నాను. ఆరు బోల్టులు. కింద గట్టి స్ప్రింగు ఉంటుంది, ముఖం దూరంగా పెట్టమన్నాడు, మంచిదయింది. లోపల సాలెగూడు ఆకారంలో రబ్బరు, స్పైడర్ గ్యాస్కెట్ అంటారట. దాని ఒక కాలు చీలి గాడిలోంచి లేచిపోయింది, పూల్‌కి పోవాల్సిన నీళ్లు ఆ సందులోంచే బయటి పైపులోకి పోతున్నాయి. మోటార్ తిరుగుతుండగా పిడి తిప్పితే అలా చీలుతుందట. మొన్నటి దాకా వచ్చే మెయింటెనెన్స్ కుర్రాడు ఎప్పుడూ అలాగే తిప్పేవాడు, నేను పక్కన నిలబడి చూసి నేర్చుకుని నేనూ అలాగే తిప్పాను.

రబ్బరు ఖరీదు 850. సరిగ్గా ఆ కంపెనీ, ఆ సైజే కావాలి కాబట్టి పాతది జేబులో వేసుకుని మూడు కొట్లు తిరిగాను. గాడిలో పాత జిగురు గోకడానికే గంటన్నర పట్టింది, అసలు పని పది నిమిషాలు. మూత ఓ-రింగ్‌కి వ్యాజెలైన్ రాయబోతే తమ్ముడు కేకేశాడు, దానికి రబ్బరు ఉబ్బి పాడవుతుందట. సిలికాన్ గ్రీజు రాశాను. మా ఆవిడ మొత్తం వీడియో తీసింది. బోల్టు ఒక్కటీ మిగల్లేదు, అది కూడా తీసింది.

నిన్నటి నుంచి మోటార్ మామూలుగానే వేస్తున్నాం. బకెట్లో 5, పూల్‌లో 6.

లైట్ మాత్రం నేను ముట్టుకోను. వానలు అయ్యాక ఫిబ్రవరిలో 12 వోల్టుల లైట్, కొత్త కేబుల్, ట్రాన్స్‌ఫార్మర్ అన్నీ తెలిసినవాళ్ల చేత వేయిస్తాను. అప్పటిదాకా చీకటి పడ్డాక పూల్ బంద్. రాలిపోయిన గ్రౌట్ ఏప్రిల్‌లో చూద్దాం. టీసీసీఏ డబ్బా, బ్లీచింగ్ డబ్బా పక్కపక్కనే ఉండేవి, విడదీశాను.

మామగారికి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. పూర్తిగా విని, "అయితే ఇక ఆ అరటికి నీళ్లెవరు పోస్తారు?" అన్నారు.

—

పలాస పూల్ పనివాడు
సెప్టెంబర్ 28, రాత్రి 8:05

వారానికోసారి బ్యాక్‌వాష్ చేస్తారు కదా సార్, ఆ నీళ్లు పోతే దానికి చాలు. క్లోరిన్ ఎక్కువ వేసిన రోజు మాత్రం పైపు పక్కకి తిప్పండి. గెల దిగినప్పుడు చెప్పండి, కోవళం వెళ్లే దారిలోనే మీ ఇల్లు.